పసుపు పూల మిమోసా: ఆకు చూసి గుర్తుపట్టి, నేల చూసి నాటడం ఎలా?

చలికాలం పూర్తిగా పోకముందే, చుట్టూ ఉన్న చెట్లు ఇంకా చిగురు కూడా వేయనప్పుడు, కొమ్మ కనిపించనంతగా పసుపు రంగులో పూసే చెట్టు మిమోసా. త్వరగా పెరుగుతుంది. నేల నచ్చితే ఏడాదికి మీటరు పైనే లేస్తుంది. ఆ వేగం చూసి చాలామంది ముందూ వెనకా చూడకుండా నాటేస్తారు. నిజానికి నాటిన తర్వాత ఈ చెట్టుకు చేయాల్సిన సేవ తక్కువే. నాటకముందు తేల్చుకోవాల్సినవే ఎక్కువ. చేతిలో ఉన్నది ఏ రకం? నేలలో సున్నం ఉందా? చలి ఎంతవరకు దిగుతుంది? అసలు మీ ప్రాంతంలో దీన్ని నాటొచ్చా? ఈ నాలుగూ తేలితే మిగతా పని సులువు.

ముందు రకం తేల్చుకోండి

నర్సరీ లేబుల్ మీద "మిమోసా" అని ఉన్నంత మాత్రాన నమ్మకండి. పసుపు పూల మిమోసాలుగా అమ్మేవి దాదాపు అన్నీ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన అకేసియాలు, అంటే తుమ్మ చెట్లకు దగ్గరి చుట్టాలు. వృక్షశాస్త్రం లెక్కలో మిమోసా అంటే ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి ప్రజాతి. అమెరికాలోనైతే గులాబి రంగు కుచ్చుపూలు పూసే అల్బిజియా జూలిబ్రిసిన్‌ను మిమోసా అంటారు. అది వేసవిలో పూసి చలికాలంలో ఆకు రాల్చేస్తుంది. మనం మాట్లాడుకునేవి ఏడాది పొడుగునా ఆకుతో ఉండేవి, ముళ్లు లేనివి. కొమ్మల మీద ముళ్ల జతలు ఉండి, గుండ్రటి పసుపు పూలు ఘాటుగా వాసన వేస్తుంటే అది బహుశా కస్తూరి తుమ్మ. అది కూడా మంచి చెట్టే, పైగా ఎండను చాలా బాగా తట్టుకుంటుంది. కానీ ఇది కాదు.

పువ్వును బట్టి రకం చెప్పడం కష్టం. చిన్న బఠాణీ గింజంత పసుపు బంతి, అందులో పదుల కొద్దీ బుల్లి పూలు, బయటికి పొడుచుకొచ్చిన కేసరాలు. చాలా రకాల్లో ఇదే కథ. పైగా పూలు నెల రోజులు ఉంటే గొప్ప. ఆకు మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది. అందుకే ఒక ఆకు తెంపి అరచేతిలో పెట్టుకోండి.

ఆకు ఈకలాగా రెండు సార్లు చీలి ఉంటే, అంటే మధ్య ఈనె నుంచి పక్క ఈనెలు, వాటికి రెండు వరసల్లో చిట్టాకులు ఉంటే, అది మొదటి గుంపు. ఇందులో అందరికీ తెలిసినది అకేసియా డీల్బాటా. పూల వ్యాపారంలో మిమోసా అంటే ఎక్కువగా ఇదే. ఆకు బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో ఉంటుంది. ఒక్కో ఆకుకు పది నుంచి ఇరవై, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ జతల పక్క ఈనెలు ఉంటాయి. చిట్టాకులు రెండు నుంచి ఐదు మిల్లీమీటర్లే, ఒకదానికొకటి ఆనుకుని కిక్కిరిసి ఉంటాయి. లేత కొమ్మల మీద వేలితో రాస్తే సన్నని వెండి నూగు తగులుతుంది.

ఇప్పుడు అదే ఆకును వెలుతురుకు ఎత్తి మధ్య ఈనె పైభాగం చూడండి. భూతద్దం ఉంటే ఇంకా మంచిది. పక్క ఈనెల జత కలిసే ప్రతి చోటా సూది మొనంత బుడిపె ఒకటి కనిపిస్తుంది. బుడిపెలు ఆ కలిసే చోట్ల మాత్రమే ఉంటే డీల్బాటా. మధ్యలో ఖాళీ చోట్ల కూడా అడ్డదిడ్డంగా ఉంటే అది అకేసియా మెర్న్‌సీ. తోలు పదును చేయడానికి పనికొచ్చే బెరడు కోసం ప్రపంచమంతా నాటిన చెట్టు అది. దాని ఆకు ముదురు ఆకుపచ్చ, పూలు వెలిసిన లేత పసుపు, పూత కూడా ఆలస్యం. తోటకు దాన్ని తెచ్చుకోవద్దు. ఎందుకో కిందికి వెళ్లాక తెలుస్తుంది.

ఇదే గుంపులో ఇంకో రెండు ఉన్నాయి. ఆకు నిగనిగలాడే ఆకుపచ్చగా ఉండి, చిట్టాకులు సెంటీమీటరు దాకా పొడుగ్గా, ఎడం ఎడంగా ఉండి, లేత కొమ్మల పొడుగునా గట్లలా ఉబ్బిన గీతలుంటే అది అకేసియా డికరెన్స్. ఆకు పొట్టిగా, నీలం కలిసిన బూడిద రంగులో ఉండి, రెండు నుంచి నాలుగు జతల పక్క ఈనెలే ఉండి, కాడ అనేదే లేకుండా కొమ్మకు అతుక్కున్నట్టుంటే అది అకేసియా బైలియానా. ఇది ఐదు నుంచి ఎనిమిది మీటర్ల చిన్న చెట్టు. కొత్త చిగుళ్లు ఊదా రంగులో వచ్చే రకం కూడా దొరుకుతుంది. చిన్న పెరడుకు నా ఓటు బైలియానాకే.

ఆకు చీలకుండా ఒకటే రేకులా ఉంటే రెండో గుంపు. అది నిజానికి ఆకు కాదు, ఆకుకాడే వెడల్పై ఆకు చేసే పని చేస్తోంది. సన్నగా పొడుగ్గా ఉండి, చెట్టు ఏడాదిలో చాలాసార్లు కొద్దికొద్దిగా లేత పసుపు పూలు పూస్తే అకేసియా రెటినోడిస్. నాలుగు రుతువుల మిమోసా అని అమ్మేది ఇదే. రేకు కోలగా, వెండి రంగులో, మెత్తగా ఉంటే అకేసియా పోడలిరిఫోలియా. కొడవలిలా వంగి, దట్టంగా మెరుస్తూ, పూల బంతులు కాస్త పెద్దగా ఉంటే అకేసియా పిక్నాంతా. 1988లో ఆస్ట్రేలియా తన జాతీయ పుష్పంగా ప్రకటించింది ఈ పిక్నాంతానే. పూలు బంతుల్లా కాకుండా వేలెడు పొడుగు కంకుల్లా వస్తుంటే అది అకేసియా లాంగిఫోలియా అయ్యే అవకాశం ఎక్కువ.

ఒక జాగ్రత్త. రెండో గుంపు మొక్కలకు కూడా మొలకెత్తిన కొత్తలో ఈకల్లాంటి ఆకులే వస్తాయి. రేకులు తర్వాత మొదలవుతాయి. జానెడు మొక్కను చూసి రకం చెప్పేయకండి. కొమ్మ మొదట్లో ఈక ఆకు, చివర్లో రేకు కనిపిస్తే అది రెండో గుంపుదే.

మీ ప్రాంతంలో నాటొచ్చా?

రెండు ప్రశ్నలు: చెట్టు అక్కడ బతుకుతుందా, అది బతికితే చుట్టుపక్కల అడవి బతుకుతుందా. రెండోది ఎవరూ అడగరు. నేను దాన్నే ముందు అడగమంటాను.

డీల్బాటా కాయల్లోని నల్లటి గింజలు గట్టి పెంకుతో ఉంటాయి, మట్టిలో దశాబ్దాల తరబడి చావకుండా పడి ఉంటాయి. వాటిని చీమలు మోసుకెళ్తాయి, నీళ్లు మోసుకెళ్తాయి. అడవి తగలబడితే ఆ వేడికి పెంకు పగిలి గింజలు గుంపులు గుంపులుగా మొలుస్తాయి. దానికి తోడు వేళ్ల నుంచి పిలకలు లేస్తాయి. పోర్చుగల్‌లో, దక్షిణాఫ్రికాలో కొండవాలులకు కొండవాలులే ఈ చెట్టు కింద పోయాయి. మన నీలగిరుల్లో, కొడైకెనాల్ కొండల మీద ఒకప్పుడు గడ్డి మైదానాలుగా ఉన్న చోట్ల ఇప్పుడు మెర్న్‌సీతో సహా ఈ అకేసియాలు దట్టంగా నిండిపోయాయి. పోర్చుగల్ చట్టం అకేసియా ప్రజాతి మొత్తాన్నీ దురాక్రమణ మొక్కల జాబితాలో పెట్టింది. మెర్న్‌సీని 2025లో యూరోపియన్ యూనియన్ తన ఉమ్మడి నిషేధిత జాబితాలో చేర్చింది. కాబట్టి మొక్క కొనకముందు మీ ప్రాంతపు అటవీ శాఖ లేదా వ్యవసాయ శాఖ జాబితా చూడండి. నిషేధం లేకపోయినా వాగు ఒడ్డున, అడవి అంచున, గడ్డి మైదానం పక్కన నాటకండి. ఇది మొహమాటానికి ఒప్పుకోవాల్సిన విషయం కాదు.

ఇక వాతావరణం. చలికాలం మెత్తగా, వేసవి మితంగా ఉండే చోటు దీనికి ఇష్టం. పెరిగిన డీల్బాటా చెట్టు మైనస్ ఏడు, ఎనిమిది డిగ్రీల చలిని కొద్ది గంటలు ఓర్చుకుంటుంది. కానీ మైనస్ నాలుగు, ఐదు డిగ్రీలకే మొగ్గలు మాడిపోవచ్చు. అంటే చెట్టు బతికినా ఆ ఏడు పూత ఉండదు. పోడలిరిఫోలియా చలికి ఇంకా సున్నితం. మరోవైపు వేసవిలో 40 డిగ్రీలు దాటే ఉష్ణ మైదానాల్లో డీల్బాటా సుఖపడదు. ఉష్ణ దేశాల్లో అది ఎత్తైన కొండల మీదే కుదురుకుంటుంది.

నేల సంగతి

ఈ చెట్టు పెంపకంలో ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. డీల్బాటాకు సున్నపు నేల పడదు. సున్నం ఎక్కువైతే వేళ్లు ఇనుమును తీసుకోలేవు. ఆకులు పసుపుబారుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి, చెట్టు ఏళ్ల తరబడి ఈసురోమంటూ చివరికి పోతుంది. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో కాన్ దగ్గరున్న తానెరాన్ కొండల్లో మిమోసా అడవిలా పెరగడానికి కారణం అక్కడి రాతి నేలలో సున్నం లేకపోవడమే.

పరీక్ష సులువు. అడుగు లోతు మట్టి గుప్పెడు తీసి ఆరబెట్టి, దాని మీద వెనిగర్ పోయండి. బుసబుసా నురగ వస్తే సున్నం ఉన్నట్టే. నురగ రాకపోతే గింజ నుంచి పెంచిన మొక్క నాటుకోవచ్చు. వస్తే అంటు మొక్క తీసుకోండి. రెటినోడిస్‌కు సున్నం అంత ఇబ్బంది కాదు, అందుకే దాని వేరు మీద డీల్బాటా కొమ్మను అంటు కట్టి అమ్ముతారు. అంటు మొక్కకు పిలకల బెడద కూడా చాలా తగ్గుతుంది. కాబట్టి నేల బాగున్నా సరే, ఇంటి తోటకు అంటు మొక్కే మేలని నా అభిప్రాయం. 'గోలువా ఆస్తియే', 'మిరాందోల్' లాంటి పేరున్న రకాలు గింజతో తల్లి లక్షణాలతో రావు, అవి అంటుగానే దొరుకుతాయి.

సున్నం ఒక్కటే కాదు, నీళ్లు నిలిచే బంక నేల కూడా పనికిరాదు. గుంత తవ్వి బిందెడు నీళ్లు పోయండి. మర్నాటికీ నీళ్లు ఇంకకపోతే ఆ చోటు వదిలేసి గట్టు మీదో, ఎత్తు చేసిన మడిలోనో నాటండి.

గింజ నుంచి మొలిపించాలంటే

గింజ నల్లగా, కోలగా, నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటుంది. అలాగే మట్టిలో వేస్తే నెలలు గడిచినా ఉలకదు, పలకదు. పెంకులో నుంచి నీళ్లు లోపలికి పోవు కాబట్టి. నీళ్లు మరిగించి, పొయ్యి మీద నుంచి దించి, పొంగు ఆగాక గింజల మీద పోయండి. అలాగే చల్లారనిచ్చి మొత్తం ఒక రోజు నానబెట్టండి. మర్నాడు కొన్ని గింజలు రెట్టింపు లావై, మెత్తగా కనిపిస్తాయి. అవి విత్తడానికి సిద్ధం. ఉబ్బనివాటిని పారేయకుండా వేడి నీళ్లు మళ్లీ పోయండి. పదో పదిహేనో గింజలే ఉంటే ఇంకో దారి: గింజ పక్క భాగాన్ని గరుకు కాగితం మీద పెంకు కింది లేత రంగు కనిపించేదాకా రుద్ది, ఆ తర్వాత నానబెట్టండి. గింజ కాడకు అంటుకుని ఉండే మొన వైపు రుద్దకండి, మొలక దెబ్బతింటుంది.

తల్లివేరు త్వరగా దిగుతుంది, కదిపితే అలుగుతుంది. కాబట్టి ట్రేలో కాకుండా లోతైన చిన్న కుండీల్లో ఒక్కో గింజ చొప్పున, సెంటీమీటరు లోతులో పెట్టండి. ఇసుక కలిపిన తేలిక మట్టి, ఇరవై డిగ్రీల దగ్గర వెచ్చదనం, ఆరిపోని తడి ఉంటే రెండు మూడు వారాల్లో మొలకలు వస్తాయి. ఇలా పెంచిన మొక్క పూతకు రావడానికి మామూలుగా మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. అంటు మొక్క అంతకంటే ముందే పూస్తుంది.

నాటే రోజు

మంచు పడే చోట చలి పూర్తిగా పోయాక నాటండి. మంచు బెడద లేని చోట వేసవి ఎండలు తగ్గాక నాటితే వేళ్లు నింపాదిగా కుదురుకుంటాయి. మోకాలెత్తు మొక్క చాలు. మనిషెత్తు మొక్క కుండీలో వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటుంది, గాలికి అదే ముందు పడుతుంది. పొడుగు చూసి డబ్బు పెట్టకండి.

రోజంతా ఎండ తగలాలి, చలిగాలికి గోడో చెట్ల వరసో అడ్డు ఉండాలి. దీని వేళ్లు పైపైనే పాకుతాయి, కొమ్మలు పెళుసు. ఇంటి గోడకు, నీళ్ల పైపులకు కనీసం నాలుగైదు మీటర్లు ఎడం ఇవ్వండి. తోటలో డీల్బాటా పది, పన్నెండు మీటర్లు పెరుగుతుందని గుర్తుంచుకుని పైన తీగలు ఉన్నాయేమో చూసుకోండి.

గుంత కుండీకి మూడింతల వెడల్పు, కుండీ అంత లోతు చాలు. మట్టి ముద్దను చిదపకుండా, వేళ్లు విడదీయకుండా దింపండి. అంటు కట్టిన చోటు నేల పైన వేలెడు ఎత్తులో ఉండాలి. గుంతలో పశువుల ఎరువు, యూరియా వేయొద్దు. చిక్కుడు, వేరుశనగ మాదిరిగానే ఈ చెట్టు వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని అందిస్తుంది. బయటి నుంచి నత్రజని ఎక్కువైతే ఆకు విపరీతంగా వచ్చి, కొమ్మ బలహీనపడి, పూత తగ్గుతుంది. ఊతకర్ర పాతి మెత్తటి పట్టీతో వదులుగా కట్టండి. కాండం గాలికి కొద్దిగా ఊగాలి, అప్పుడే గట్టిపడుతుంది. రెండేళ్ల తర్వాత కర్ర తీసేయండి.

మొదటి రెండు వేసవులు

పాదు చేసి వారానికోసారి బిందెడు నీళ్లు నింపాదిగా పోయండి. రోజూ చెంబుడు పోస్తే వేళ్లు పైనే ఉండిపోతాయి. చుట్టూ ఎండుటాకు లేదా చెక్కపొట్టు నాలుగు వేళ్ల మందాన పరచండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. మూడో ఏటి నుంచి, వరసగా వానల్లేని వేసవిలో తప్ప నీళ్లు అక్కర్లేదు. చలి ఎక్కువున్న చోట మొదటి రెండేళ్లు రాత్రిపూట మొక్కకు గుడ్డ కప్పండి. చలికి పైన మాడిపోయినా తొందరపడి పీకేయకండి, మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. అంటు మొక్క అయితే ఆ చిగురు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. అంటుకు పైనుంచి వస్తే ఈక ఆకు, కింది నుంచి వస్తే రేకు ఆకు. రేకు ఆకు చిగురు రెటినోడిస్‌ది, దాన్ని మొదట్లోనే తుంచేయండి.

కత్తిరింపు: ఎప్పుడన్నదే ముఖ్యం

పూత అయిపోయిన వెంటనే, కాయలు ముదరకముందు. ఉత్తరార్ధగోళంలో పూత మామూలుగా జనవరి నుంచి మార్చి వరకు కాబట్టి కత్తిరింపు మార్చి, ఏప్రిల్‌లలో పడుతుంది. పూసిన కొమ్మల్ని మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించండి. ఆ కోత నుంచి వచ్చే కొత్త కొమ్మల మీదే వేసవిలో వచ్చే ఏటి మొగ్గలు కడతాయి. చలికాలం ముందు చెట్టును చక్కబెడదామని కత్తెర పట్టుకుంటే ఆ మొగ్గలన్నీ నేల మీద పడతాయి, పూత పోతుంది.

ఈ ఒక్క పనితో మూడు లాభాలు. చెట్టు గుబురుగా ఉంటుంది, గాలికి విరగదు, గింజ పడదు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. చెట్టు చేతికి అందనంత ఎత్తు పెరిగితే గింజల్ని ఆపడం మీ వల్ల కాదు. అందుకే మొదటి నుంచీ నిచ్చెనతో అందేంత ఎత్తులోనే ఉంచండి. బైలియానా ముదురు కట్టెను మొదలంటా నరికితే మళ్లీ చిగురించకపోవచ్చు, దాన్ని పైపైనే తగ్గించాలి.

కుండీలో పెంచాలనుకుంటే

డీల్బాటా వద్దు. రెటినోడిస్, బైలియానా నయం. నలభై, యాభై సెంటీమీటర్ల కుండీ, సున్నం లేని మట్టి, కింద నీళ్లు పోయే దారి. వేసవిలో ఒక్కసారి మట్టి పూర్తిగా ఎండినా అప్పుడే కడుతున్న మొగ్గలు రాలిపోతాయి, ఆ సంగతి మీకు చలికాలంలో గానీ తెలియదు. చలికాలంలో వెలుతురు ఉండి, ఐదు నుంచి పది డిగ్రీలు ఉండే చోట పెట్టండి. హీటర్ వేసిన గదిలో మొగ్గలు నిలవవు.

పురుగులు

పెద్ద టెన్షన్ అక్కర్లేదు. కొమ్మల మీద దూది అంటుకున్నట్టు తెల్లగా గీతలు గీతల ఒంటితో కనిపించేది ఐసీరియా అనే పొలుసు పురుగు. ఆస్ట్రేలియా నుంచి అకేసియాలతో పాటే కాలిఫోర్నియా చేరి, 1880లలో అక్కడి నిమ్మ, నారింజ తోటల్ని దాదాపు తుడిచిపెట్టింది. ఆస్ట్రేలియా నుంచే తెచ్చిన ఒక అక్షింతల పురుగు దాన్ని అదుపు చేసింది. ఆ కథ ఇప్పటికీ వ్యవసాయ విద్యార్థులకు పాఠం. మీ చెట్టు మీద కనిపిస్తే సబ్బు నీళ్లతో బ్రష్ పెట్టి రుద్దేయండి. ఘాటైన మందు కొడితే ముందు చచ్చేది అక్షింతల పురుగులే.

పూలు ఇంట్లో పెట్టుకోవడానికి

కొమ్మ మీద మూడింట రెండు వంతుల బంతులు విచ్చాక ఉదయాన్నే కోయండి. పచ్చి మొగ్గలతో కోస్తే పొడి గదిలో అవి విచ్చకుండానే ఎండిపోతాయి. ఫ్రాన్స్ పూల రైతులు మొగ్గల కొమ్మల్ని ఇరవై రెండు నుంచి ఇరవై ఐదు డిగ్రీల వేడి, బాగా తేమ ఉన్న మూసిన గదుల్లో ఒకటి రెండు రోజులు ఉంచి విచ్చేలా చేస్తారు. ఇంట్లో ఆ పని చిన్నగా చేయొచ్చు: కాడ చివర ఏటవాలుగా కోసి, గోరువెచ్చని నీళ్లలో పెట్టి, పైన ప్లాస్టిక్ కవర్ వదులుగా తొడిగి రాత్రంతా ఉంచండి. ఇటలీలో 1946 నుంచి మార్చి 8న మహిళలకు ఈ కొమ్మలే ఇస్తారు. ఆ తేదీకి అక్కడ విరివిగా పూసేది ఇదే కాబట్టి.

తీసేయాల్సి వస్తే

ఈ చెట్టు ఆయుష్షు తక్కువ. ఇరవై, ముప్పై ఏళ్లకు ముసలిదైపోతుంది. సొంత వేరు మీదున్న డీల్బాటాను ఊరికే నరికితే చుట్టూ పిలకల అడవి లేస్తుంది. పోర్చుగల్‌లో వాడే పద్ధతి మెరుగైనది: చెట్టు బాగా చిగురించి బెరడు సులువుగా ఊడే కాలంలో, నడుమెత్తు నుంచి నేల దాకా చుట్టూ బెరడును పూర్తిగా ఒలిచేస్తారు, ఒక్క పట్టీ కూడా మిగలకుండా. వేళ్లకు ఆహారం అందక చెట్టు కొన్ని నెలల్లో నిలబడే ఎండిపోతుంది. ఆ తర్వాతే నరకాలి. ఆ చోట చెత్త తగలబెట్టొద్దు, మట్టిలోని గింజలు ఆ వేడికే మేల్కొంటాయి. తర్వాత ప్రతి ఏడూ వానలు పడ్డాక ఆ చుట్టూ ఒకసారి తిరిగి, నేల తడిగా ఉండగానే మొలకల్ని వేళ్లతో సహా లాగేయండి.